తడి అనుకున్న కడి

నేను ఉద్యోగరీత్యా తడి మనిషిని. తుర్కపల్లి దగ్గర ఒక మందుల ల్యాబులో మాత్రల్లో తడి ఎంత మిగిలి ఉందో చూసి, ఎక్కువుంటే వెనక్కి పంపడం నా పని. తడి, తడి అని వినీ వినీ నా చెవులకే చెమ్మ పట్టింది. లేకపోతే ఒక మనిషి గొంతు చించుకుని "కడి ఉన్నది" అని అరుస్తుంటే, "తడి ఉన్నది" అని విని సంతోషంగా తల ఊపుతానా? తేడా ఒక్క అక్షరమే. అది ఎంత పెద్ద అక్షరమో తర్వాత కొలిచి చూశాను. నా నడుం దాకా వచ్చింది. మొత్తం గట్టి రాయి.

కడి అంటే మా వైపు రాతి స్తంభం. శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటలున్న కాలంలో ఆ పందిళ్లను మోసినవి కడీలే. తోటలు పోయాక కడీలు ప్లాట్ల చుట్టూ కంచెలకు చేరాయి. మా బావ తోట కూడా అలాగే ఎండిపోయింది. బావ అంటే మా అక్క మొగుడు. చుట్టూ అందరూ తోటల్ని ప్లాట్లు చేస్తుంటే, ఆయన మాత్రం క్రికెట్ గ్రౌండు చేస్తానన్నాడు. శని, ఆదివారాలు నగరంలోంచి ఆఫీసు టీములు కార్లేసుకుని ఇటువైపు గ్రౌండ్లు వెతుక్కుంటూ రావడం ఆయన చూశాడు. పైగా ఆయనకు ఓపెనింగ్ బ్యాటింగ్ అంటే ప్రాణం. సొంత గ్రౌండు ఉంటే ఎవరూ తనను పదో నంబరులో పంపరని లెక్క వేసుకున్నాడు.

"బామ్మర్దీ, సదువుకున్నోనివి. పిచ్ సంగతి నువ్వు సూస్కో," అన్నాడు.

"పిచ్ గురించి నాకేం తెలుసు బావా?"

"పిచ్చి ఉన్నది గదరా నీకు. పిచ్చిల పిచ్ ఉండనే ఉన్నది."

నేను నవ్వి ఒప్పుకున్నాను. మాటల ఆటంటే చాలు, నాతో ఏ పనైనా చేయించుకోవచ్చు. ఇంట్లో అందరికీ తెలిసిన బలహీనత ఇది.

ఫోనులో ఒకదాని తర్వాత ఒకటి వీడియోలు చూశాను. పైపైన ఎండినా అడుగున తడి ఉండాలి, అడుగున తడి లేని పిచ్ పొడిపొడిగా రాలిపోతుంది అని అందరూ ఒకటే మాట. వినగానే నా ఒళ్లు పులకరించింది. తడి అంటే నా సబ్జెక్టే కదా.

కడీలు పీకే రోజు జేసీబీ మోత చెవులు పగలగొడుతోంది. సరిగ్గా పిచ్ రావాల్సిన చోట ఒక కడి పైసగం విరిగి, కిందిసగం భూమిలోనే ఉండిపోయింది. నేను దూరంగా నీళ్ల పైపు చుట్టుకుంటున్నాను. డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు.

"అన్నా! లోపట కడి ఉన్నది! తియ్యాల్నా, ఉండనియ్యాల్నా?"

నాకు వినపడింది తడి. "ఉండనీ! అదే కావాలె! పిచ్‌కు అదే ప్రాణం!" అని చెయ్యి ఊపాను.

అతను ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత బకెట్‌తో మట్టి కప్పేశాడు. ఆ ఒక్క క్షణం అతను ఎందుకు ఆగాడో నేను ఆలోచించి ఉండాల్సింది.

ఎండాకాలంలో చెరువు అంచుల్లో తేలిన నల్లమట్టి ట్రాక్టర్లలో తెచ్చి పోశాం. పలుచగా ఒక పొర పరచి, నీళ్లు పెట్టి, ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు రోలర్ తిప్పి, మళ్లీ ఇంకో పొర. కాలు పెడితే అంటకూడదు, గోరు గుచ్చితే దిగాలి. ఆ మధ్యస్థితిని పట్టుకోవడమే ఈ పనిలో కిటుకు. నేను రోజూ పొద్దున కంపెనీ క్యాబు రాకముందే వెళ్లి పిచ్ మీద బొటనవేలు అదిమి చూసేవాణ్ని. మా అక్క ఎవరితోనో "మా తమ్ముడు నేలకు నాడి సూస్తడు" అని చెప్పిందట. రోగి బతికే ఉన్నాడని నేను అనుకుంటూ ఉన్నాను.

రోలర్ నడిపే ఆయనది పక్క ఊరు, అందరికీ భాయ్. రోడ్లు వేసే చిన్న రోలరు ఆయన సొంతం. ఒక సాయంత్రం పిచ్ మధ్యలో రోలర్ ఆపి దిగిపోయాడు.

"సార్, నీచే... కింద ఏందో ఉన్నది. గొడ్తాంది."

"ఏం గొడ్తాంది భాయ్?"

"తలుపు గొట్టినట్టు. లోపట్నుంచి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నన్ను ఎక్కించుకుని మళ్లీ నడిపాడు. పిచ్ అంతా మెత్తగా సాగిన రోలర్ ఒక్క చోట ఆగి దాటినట్టయింది. కింద నుంచి చిన్నగా "టక్" అని వినపడింది. సీటు పక్కన పెట్టిన నీళ్ల బాటిల్ ఎగిరి పక్కకు పడింది.

"కబర్ గిట్ల ఉన్నదా సార్ గీడ, పురానాది?"

"ద్రాక్షతోట భాయ్ ఇది. ద్రాక్షపళ్లు తప్ప ఏం పాతిపెట్టలే."

ఆయన పిచ్‌ను ఒకసారి పొడవునా చూశాడు. చదునుగా, నల్లగా, నాలుగు మూలలూ కోసినట్టున్న ఆ మట్టిపట్టీ అలా చూస్తే నాకు కూడా సమాధే గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి భాయ్ ఆ చోటికి రాగానే పెదవులు కదిలించుకుంటూ దాటేవాడు.

ఆ చోటు ఎక్కడో ముందే చెబుతాను. రోడ్డు వైపు నుంచి ఫాస్ట్ బౌలర్ వేసే మంచి బంతి బ్యాట్స్‌మన్‌కు కాస్త ముందుగా పడి లేచే చోటు ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ.

తర్వాత తడి నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. నీళ్లు పెట్టాక పిచ్ అంతా నల్లగా ఉండగానే అరచేయంత మేర ముందుగా తెల్లబడేది. చుట్టూ చల్లగా ఉన్నా అక్కడ చెయ్యి పెడితే వేడి. గడ్డి ముందు అక్కడే పసుపెక్కింది, తర్వాత అక్కడే చచ్చింది. ఆ మచ్చ నుంచి సన్నటి పగుళ్లు చుట్టూ పాకాయి. గుడ్డు లోపలి పిల్ల ముక్కుతో పొడుస్తుంటే పెంకు ఎలా చిట్లుతుందో అలా. రోజుకింత లేస్తోందా అని నేల మీద చెంప ఆనించి చూసేవాణ్ని. లేస్తోందో, చుట్టూ మట్టి దిగుతోందో తెలిసేది కాదు. గ్రౌండంతా తిరిగే తీతువు పిట్టలు పిచ్ దాకా వచ్చి ఆ మచ్చను చుట్టి పోతుండేవి. వాటి అరుపు చెడు శకునం అంటారు. అవి అరిచినందుకు కాదు, అక్కడికి రాగానే అరుపు ఆపేసినందుకు నాకు భయం వేసింది.

తవ్వి చూడొచ్చు కదా అంటారా? తవ్విన గుంత మళ్లీ కూర్చుని గట్టిపడేదాకా ఆ పిచ్ మీద ఆట ఉండదు. అప్పటికి బావ టోర్నమెంటు పెట్టేశాడు. ముందు ఆటలు చుట్టుపక్కల గ్రౌండ్లలో అయిపోయాయి, మా పిచ్ మీద ఆడాల్సిన ఫైనల్ దగ్గరికొచ్చేసింది. మా టీమూ, దుండిగల్ వైపు కాలేజీ కుర్రాళ్ల టీమూ. బహుమతులివ్వడానికి ఒక పెద్దమనిషి వస్తానని ఒప్పుకున్నాడు. మోటారు గది గోడ నిండా ఫ్లెక్సీ వెలిసింది. దాంట్లో పెద్దమనిషి ముఖం నిమ్మకాయంత, బావ ముఖం గుమ్మడికాయంత. ముఖం మధ్యలో బావ ముక్కు. దాని గురించి చెప్పకపోతే మా అక్క ఊరుకోదు. పెళ్లిచూపుల్లో ఆ ముక్కు చూసే ఒప్పుకున్నానని ఇప్పటికీ అంటుంది.

ఫైనల్‌కు ముందు వారం ప్రాక్టీసులో మా బౌలర్ ఒకడు, పెద్ద వేగం కూడా లేనివాడు, మామూలు బంతి ఒకటి వేశాడు. అది మచ్చ మీద పడింది. "టక్". బంతి బ్యాట్స్‌మన్ తల మీదుగా, కీపర్ తల మీదుగా లేచి వెనక గోడకు తగిలింది. వేసినవాడు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అరే, ఏం స్పీడ్రా నాయినా!" అని బావ చప్పట్లు కొట్టాడు.

నేను కొట్టలేదు. ఆ "టక్" నాకు తెలిసిన చప్పుడు.

మర్నాడు మేడ్చల్ రోడ్డు పక్కన హోటల్లో చాయ్ తాగుతుంటే జేసీబీ డ్రైవర్ కనిపించాడు.

"అన్నా, పిచ్ మంచిగైందా? కడి గట్టిగ నిలవడ్డదా?"

"ఏం కడి?"

"ఇరిగిన కడి. మీరే గదనే ఉండనియ్యుమన్నరు. ‘పిచ్‌కు అదే ప్రాణం’ అంటిరి. ఇండ్లు గట్టేటప్పుడు పునాదిల ఏదో ఒకటి ఏస్తరు గద, గ్రౌండుకు గుడ గట్ల ఉంటదేమో అనుకున్న. మరి పస్పు కుంకుమ వెట్టలేదేంది అని మా ఇంట్ల గుడ జెప్పిన."

నా చాయ్ మీద మీగడ కట్టింది. తాగకుండానే లేచాను.

బావకు ఫోన్ చేస్తే డీజే బాక్సుల షాపులో ఉన్నాడు, వెనక నుంచి దడదడ.

"బావా, పిచ్ కింద కడి ఉన్నది!"

"తడి ఉందా? ఎండుతది తియ్. ఇంక మస్తు టైమున్నది."

"తడి కాదు, కడి! కడి!"

"అదేరా, తడి! ఎండ సూసినవా, మనుషులే ఎండవట్టిండ్రు!"

నన్ను నేను తిట్టుకోవాల్సిన మాట ఇంకొకరి నోట వినడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. సాయంత్రం ఇంటికి వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఈసారి సరిగ్గానే విన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పిచ్‌ని జర పక్కకు జరుపుదాం బావా," అన్నాను.

"మంచమారా, జరుపుడానికి?"

"ఫైనల్ ఇంకో గ్రౌండుల పెడదాం."

"ఫ్లెక్సీల మన గ్రౌండు పేరున్నది. పెద్దమనిషికి జెప్పిన. ఇగ నువ్వు కొంచెం మట్టి వెట్టి మంచిగ అలుకు. ఒక్కరోజు ఆగితే సాలు."

"పోనీ హెల్మెట్ అన్న పెట్టుకో. మొదటి బంతి ఆడేది నువ్వే."

"హెల్మెట్ పెడితే ఫోటోల ముఖం ఏడ కనవడ్తది?"

వంటింట్లోంచి అక్క అంతా విన్నది. నేను వెళ్లొస్తానంటే గడప దాకా వచ్చింది.

"అరేయ్, ఆయనకున్న అందమంత ఆ ముక్కుల్నే ఉన్నది. దానికేమన్న అయితే నాకు నువ్వు తమ్మునివే గాదు."

నవ్వుతూనే అన్నది. కళ్లలో మాత్రం నవ్వు లేదు. బావ హెల్మెట్ పెట్టుకోడని నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ఫైనల్ ఆదివారం. మా అంపైరు చర్చిలో ప్రార్థన అయ్యాక, ఇంట్లో అన్నం తిని గానీ రాడు. అందుకని ఆట మధ్యాహ్నానికి పెట్టాం. పొద్దునే ఆడి ఉంటే నేను అలికిన మట్టి పచ్చిగా, బుద్ధిగా కూర్చుని ఉండేది. ఎండ నడినెత్తికొచ్చేసరికి అది అప్పడంలా అంచులు లేపింది. అంపైరు వచ్చీ రాగానే దాని దగ్గర ఆగి బూటు కొనతో తట్టాడు.

"బ్రదర్, ఇదేంది?"

"కొంచెం అలికిన."

"ఎందుకు?"

"అందానికి."

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, వెళ్లి వికెట్లు సరిచూసుకున్నాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే డీజే మొదలైంది. నా మాట నాకే వినపడలేదు. ఆ మోతలో కడి అన్నా తడి అన్నా ఒకటే.

టాస్ మేమే గెలిచాం. బావ కళ్లజోడు తుడుచుకుని, టోపీ వెనక్కి తిప్పుకుని బ్యాటింగుకు నడిచాడు. రోడ్డు వైపు నుంచి వాళ్ల పొడుగాటి బౌలర్ అడుగులు కొలుచుకుంటున్నాడు. నేను మోటారు గది దగ్గర నిలబడ్డాను. నా వెనక గోడ మీద ఫ్లెక్సీలోని బావ కూడా అటే చూస్తున్నాడు, నవ్వుతూ.

మొదటి బంతి మచ్చకు ఇవతల పడింది. తర్వాతది అవతల. ఆ తర్వాతది పక్కనుంచి పోయింది, కాస్త అప్పడం ముక్క లేపుకుని. బావ దాన్ని ఫోరు కొట్టి బ్యాటు గాలిలో ఊపాడు. ప్రతి బంతికీ నేల దాని కోసం నోరు కొంచెం కొంచెం తెరుస్తున్నట్టు నాకే కనిపిస్తోంది. ఇంకెవరికీ కనిపించడం లేదు. అంతమంది మధ్య అలా ఒక్కడిగా తెలిసి ఉండటం కన్నా దెబ్బ తినడమే సుఖమనిపించింది.

ఆ బౌలర్ తర్వాతి ఓవర్లో పడింది. "టక్".

బంతి అక్కడ్నుంచి నిలువుగా బావ ముఖం మీదికి లేచింది. కళ్లజోడు ఒకవైపు, టోపీ ఒకవైపు ఎగిరాయి. బావ వెనక్కి కూలబడ్డాడు. గ్రౌండంతా ఆగిపోయింది. డీజే మాత్రం పాడుతూనే ఉంది.

నేను పరుగెత్తాను. ఎలా పరుగెత్తానో గుర్తులేదు, అక్క మాట వెనకాలే పరుగెత్తడం మాత్రం గుర్తుంది. బావ కూర్చున్నాడు. కనుబొమ్మ మీద చిన్న గీత, సన్నగా నెత్తురు. ముందుగా చెయ్యి పైకెత్తి ముక్కు తడుముకున్నాడు.

"ఉన్నదారా?"

"ఉన్నది బావా."

"అంకుల్, నేను కావాల్నని ఏయలే," అంటూ ఆ బౌలర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంగాలే తమ్మీ. అద్దం ఊడింది, దొర్కవట్టున్రి. ఆడత."

అందరూ వంగి పిచ్ మీద కళ్లజోడు అద్దం వెతకసాగారు. అప్పుడు వాళ్ల కెప్టెన్ బౌలర్ భుజం మీద చెయ్యి వేసి, నేను పక్కనే ఉన్నానని చూడకుండా మెల్లగా అన్నాడు: "మళ్ల గాడ్నే ఎయ్. గాడ ఏందో ఉన్నది."

అంతే. నేను బౌండరీ దగ్గరి నీళ్ల పైపు లాక్కుంటూ వచ్చాను. బావ గాయం కడగడానికి అనుకుని అందరూ దారిచ్చారు. పైపు మూతి సరిగ్గా మచ్చ మీద పెట్టి, మోటారు గది దగ్గర నిలబడ్డ భాయ్ వైపు తిరిగి అరిచాను.

"భాయ్! చాలూ!"

భాయ్ ఇంట్లో మాట్లాడే భాషలో చాలూ అంటే నడిపించు. బటన్ నొక్కాడు. బోరునీళ్లు దూకాయి. అందరూ ఎగిరి పక్కకు తప్పుకున్నారు. బావ లేచి రెండు చేతులూ ఊపుతూ భాయ్‌కి కేకలేశాడు.

"చాలు! చాలు!"

భాయ్ ఇంకా ఉషారుగా తలూపి, మోటారు ఆగిపోకుండా బటన్ దగ్గరే కాపలా నిలబడ్డాడు.

"చాలు అంటాన గద! చాలు!"

"చాలూనే ఉన్నది సాబ్!"

పిచ్ చెరువైంది. నా చెవికి జరిగిన అన్యాయాన్ని ఇంకో చెవి సరిచేసింది. మోటారు ఆగాక అంపైరు బూట్లు విప్పి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"బ్రదర్, ఏందిది?"

"తడి ఉన్నది బ్రదర్," అన్నాను. ఈ మాటను నేను సరైన చోట వాడడం అదే మొదటిసారి.

ఆయన వంగి బొటనవేలు అదిమాడు. వేలు మొత్తం దిగిపోయింది. ఇవాళ ఆట లేదని చేతులు అడ్డంగా ఊపాడు. కప్పు రెండు టీములదీ అని తేల్చారు. కాలేజీ పిల్లలు గునుస్తూ బ్యాగులు సర్దుకోవడానికి వెళ్లారు.

నీళ్లు మెల్లగా ఇంకాయి. అలికిన మట్టి పోయింది, దాని కింది మట్టీ పోయింది. మధ్యలోంచి నల్లటి తల ఒకటి పైకి తేలింది. విరిగిన అంచు కోరలా ఉంది. ఒకప్పుడు తీగ కట్టిన చిన్న రంధ్రం ఒంటికన్నులా ఆకాశం వైపు చూస్తోంది. బావ దాన్ని చూశాడు. కనుబొమ్మ తడుముకున్నాడు. దాన్ని చూశాక ఆయన ముఖంలో రంగు మారడం నేను మొదటిసారి చూశాను. ఇంతలో గేటు దగ్గర పెద్దమనిషి కారు హారన్ వినపడింది.

"బామ్మర్దీ," బావ గొంతు తగ్గించాడు, "జల్దీ ఏదన్న కప్పురా దాని మీద. ఆయన సూస్తే ఇజ్జత్ పోతది."

కప్పడానికి గ్రౌండులో టార్పాలిన్ పట్టాలున్నాయి. అవి మోటారు గదిలో మడతపెట్టి ఉన్నాయి. కానీ జల్దీ అన్నాడు కదా. గోడ మీద ఫ్లెక్సీ దగ్గరగా కనిపించింది. భాయ్ ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని ఊడదీసి, తెచ్చి పిచ్ మీద పరిచాం. మూలల్లో ఇటుకలు పెట్టాను. మొదట రాయి బావ చెవి కిందికి వచ్చింది. బాగాలేదు. కొంచెం లాగాను, గడ్డం కిందికి వచ్చింది. ఇటుకలు తీసి మళ్లీ సర్దాను. భాయ్ పక్కకు తిరిగి దగ్గుతున్నాడు. ఈసారి సరిగ్గా కుదిరింది.

పెద్దమనిషి దండ వేయించుకుని, పిచ్ చూస్తానని నడిచొచ్చాడు. ఆగాడు. తల ఒక పక్కకు వంచాడు.

"ఏందయ్యా, ముక్కు గింత పెద్దగ కొట్టిచ్చినవ్?"

వెనకాల కుర్చీల్లోంచి మా అక్క నవ్వు వినపడింది. ఈసారి అసలు నవ్వు. బావ పళ్లు బిగించి నా వైపు తిరిగాడు.

"ఏందిరా ఇది?"

"తడికి ఉబ్బింది బావా," అన్నాను.